వేసవిలో స్థలాల వ్యాపారం – నా అనుభవాలు

(మన సంఘం ఏప్రిల్ నెల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "వేసవిలో ఆరోగ్యం" గురించి మాట్లాడమన్నారు. నా ఆరోగ్యం చూసిన వాళ్లెవరూ ఆ విషయం నా నోటితో వినరని చెప్పాను. నాకు తెలిసిన సంగతి ఒకటే, దస్తావేజులు. 1972లో రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, 2008 జూన్ 30న సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. ఆ తర్వాత పదేళ్లకు పైగా మా మేనల్లుడి స్థలాల వ్యాపారంలో కాగితాల పని చూశాను. ఆ అనుభవం చెప్పమంటే చెబుతానన్నాను. అందులో కొంత నాకు గౌరవం తెచ్చేది కాదు. అయినా మన సభ్యుల్లో ఈ వేసవిలో చేతికి గ్రాట్యుటీ వచ్చేవాళ్లున్నారు కాబట్టి చెప్పక తప్పదు.

ముందు అసలు ఈ వ్యాపారానికి వేసవి ఎందుకు సీజను అయిందో మనవి చేస్తాను. మా ఆఫీసులో పాత రోజుల్లో దస్తావేజు నకలు చేత్తోనే పెద్ద వాల్యూముల్లోకి ఎక్కించేవాళ్లం. 1998లో కంప్యూటర్లు వచ్చేదాకా అదే పని. ఎప్పుడు జనం వస్తారో ఎప్పుడు రారో మా వేళ్లకే తెలిసేది. ఉగాది వెళ్లాక మొదలయ్యేది. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలకు వరండాలో నిలబడే చోటుండేది కాదు. మధ్యలో మూఢం వస్తే మాత్రం ఒక్కరు రారు, మేము పాత ఇండెక్సులు దులుపుకునేవాళ్లం. ఆషాఢం రాగానే మళ్లీ చప్పబడేది. ఉమ్మడి రాష్ట్రంలో చాలా ఏళ్లు మార్కెట్ విలువలు ఆగస్టు 1న సవరించేవారు. అందుకని ఆషాఢమైనా సరే జులై ఆఖరి వారం మళ్లీ ఒక తోపులాట.

ఇవన్నీ ముహూర్తాల సంగతి. డబ్బు సంగతి వేరే ఉంది. గుంటూరు వైపు మిర్చి అమ్ముకున్న రైతు చేతిలో డబ్బు ఆడేది మార్చి నుంచి మే దాకా. పిల్లల బళ్లకు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు, కుటుంబమంతా కలిసి ఒక చోట ఉండేది అప్పుడే. అమెరికా వెళ్లిన పిల్లలు తమ పిల్లలకు అక్కడి సెలవులు ఇవ్వగానే ఇక్కడ దిగుతారు, వచ్చిన మూడు వారాల్లో అన్నీ అయిపోవాలంటారు. ఇక మనం ఉన్నాం. బళ్లో వేసేటప్పుడు మన పెద్దలు పుట్టిన తేదీ గుర్తులేక జూన్ అనో, జులై 1 అనో రాయించారు. ఆ పుణ్యాన వేసవి ఆఖరుకు గుంపులు గుంపులుగా రిటైరవుతాం. ఆ సంగతి మనకంటే స్థలాలు అమ్మేవాడికి బాగా తెలుసు.

మా మేనల్లుడు 2009లో ఈ వ్యాపారంలోకి దిగాడు. సత్యం కంపెనీ వ్యవహారం బయటపడిన సంవత్సరం అది, భూముల రేట్లు పడిపోయి ఉన్నాయి. "మామయ్యా, అందరూ పారిపోతున్నప్పుడే కొనాలి. నువ్వు కాగితాలు చూడు, నేను జనాన్ని చూస్తాను" అన్నాడు. నాకు ఇంట్లో కూర్చుని ఏమీ తోచడం లేదు. మీ అందరికీ తెలిసిందే, దిగిపోయిన మొదటి ఏడాది పొద్దున పది గంటలకు మనిషికి ఎట్లా ఉంటుందో. సరేనన్నాను.

లెక్క ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. అయిదెకరాలు, ఎకరం ముప్ఫై లక్షల చొప్పున కోటీ యాభై లక్షలు. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి మొత్తం 24,200 గజాలు. అదంతా అమ్మేది కాదు. రోడ్లకు, లే అవుటులో వదలాల్సిన ఖాళీ స్థలానికి కలిపి నూటికి నలభై పోయిందనుకోండి, మిగిలేది 14,520 గజాలు. అంటే భూమి ఖరీదే గజానికి 1,033 రూపాయలు పడింది. దాని మీద రోడ్లు, కాలవలు, కరెంటు స్తంభాలు, అనుమతుల ఫీజులు, ఏజెంట్ల కమీషను. రైతుకు మొత్తం ఒకేసారి ఎవరూ ఇవ్వరు. బయానా ఇచ్చి, ఆరు నెలలకో ఏడాదికో అగ్రిమెంటు రాయించుకుంటారు. ఆ బయానా కూడా చాలాసార్లు అప్పే. కోటి రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు రెండు లక్షలు. అమ్మకం నెల ఆలస్యమైతే గజానికి పధ్నాలుగు రూపాయలు దాదాపు మింగేస్తుంది. వేసవి దాటితే మళ్లీ దసరా దాకా కొనుగోలుదారు కనపడడు. ఏప్రిల్, మే నెలల్లో ఆ కుర్రాళ్లు మన వెంట అంతగా ఎందుకు పడతారో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. వాడు దుర్మార్గుడని కాదు, వాడి మెడ మీద అగ్రిమెంటు గడువు ఉంది.

మా వ్యాపారం మొదటి రెండు వేసవుల్లో అంతంత మాత్రమే. మూడో వేసవికి పుంజుకుంది. అందుకు రెండు కారణాలు, రెండూ నావే అని మా మేనల్లుడు అందరితో చెప్పేవాడు, నేనూ పొంగిపోయేవాణ్ణి.

మొదటిది రిజిస్టరు. మన ఆఫీసుల్లో తపాలా వస్తే ఇన్‌వర్డులో ఎక్కించనిదే కాగితం కదలదు కదా. స్థలం చూడటానికి వచ్చిన ప్రతి మనిషికీ నేను ఒక నంబరు ఇచ్చి ఎక్కించేవాణ్ణి. ఎవరు, ఏ ఊరు, ఎట్లా తెలిసి వచ్చారు, ఎన్ని గజాలు కావాలన్నారు, తూర్పు ముఖమా ఉత్తరమా, ఎవరిని అడిగి చెబుతామన్నారు, మళ్లీ ఎప్పుడు కబురు చేయమన్నారు. ఆఖరి గడి "పరిశీలన". అంతకు ముందు పేపరులో పెట్టి పంచే కరపత్రాలకే డబ్బంతా పోసేవాళ్లు. రిజిస్టరు చూస్తే తేలింది ఏమిటంటే, కరపత్రం చూసి వచ్చినవాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోతున్నారు. కొంటున్నవాళ్లు, అంతకు ముందు కొన్నవాళ్ల తోడల్లుళ్లు, వియ్యంకులు, పక్క సీటు ఉద్యోగులు. కరపత్రాలు సగానికి తగ్గించి, ఆ డబ్బుతో పాత కొనుగోలుదార్ల స్థలాల్లో పిచ్చి మొక్కలు కొట్టించి, హద్దు రాళ్లకు సున్నం వేయించాం. తన రాయి తెల్లగా కనపడితే మనిషి తన బంధువును తీసుకొచ్చి చూపిస్తాడు.

రెండోది కాగితాల కట్ట. అడిగినా అడక్కపోయినా వచ్చిన ప్రతివాళ్లకూ ఒక కట్ట చేతిలో పెట్టేవాణ్ణి. ముప్ఫై ఏళ్ల లింకు దస్తావేజుల జిరాక్సులు, ఈ.సి., పాసుపుస్తకం నకలు, లే అవుట్ ప్లాను. 1983కు ముందు లావాదేవీలు కంప్యూటరు ఈ.సి.లో రావు, వాటికి ఆఫీసులో పాత ఇండెక్సులు వెతికించాలి. అది కూడా చేయించి కట్టలో పెట్టేవాణ్ణి. పైన నా చేతి రాతతో ఒక పేజీ, ఎవరి నుంచి ఎవరికి ఏ సంవత్సరం వచ్చిందో వరసగా. అది 1977 చట్టం కింద అమ్మకూడని అసైన్డు భూమా, నిషేధిత జాబితాలో ఉందా అన్నది కూడా అందులోనే రాసేవాణ్ణి. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని మా పాత సబ్ రిజిస్ట్రారు గారు మెచ్చుకునేవారు. ఆ పేజీయే స్థలాలు అమ్మింది. "రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్ఫై ఆరేళ్లు చేసిన మనిషి, ఆయనే చూశాడు" అనేవాళ్లు. మా వాడు రైతుకిచ్చిన బయానా కంటే పెద్ద పెట్టుబడి నా ఉద్యోగమే అని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇక వేసవి హంగులు వేరే. ఆదివారం పొద్దున ఆరింటికే వ్యాను బయల్దేరాలి, పదింటికల్లా తిరిగి రావాలి. ఎండెక్కితే ఆడవాళ్లు వ్యాను దిగరు, ఆడవాళ్లు దిగి చూడని స్థలం అమ్ముడుపోదు. షామియానా, పుచ్చకాయ ముక్కలు, మజ్జిగ. మజ్జిగలో అల్లం, కరివేపాకు వేయించడం మా ఇంటావిడ సలహా. అక్షయ తృతీయ నాడు బుక్ చేస్తే అర గ్రాము బంగారం. "ఈ ఆదివారమే ఆఖరు, వచ్చే వారం గజానికి రెండు వందలు పెరుగుతుంది" అనే మాట. ఈ మాట మా వాడు ప్రతి ఆదివారం అనేవాడు. ఒకసారి ఒక పెద్దాయన, పోయిన నెల కూడా ఇదే ఆఖరు ఆదివారం అన్నావు కదయ్యా అంటే అందరూ నవ్వారు, మా వాడూ నవ్వాడు, ఆయన మాత్రం కొనకుండా వెళ్లిపోయాడు.

2014 వచ్చింది. రాష్ట్రం విడిపోవడం ఖాయమైంది, జూన్ 2 తేదీ. రాజధాని ఎక్కడో ఎవరికీ తెలియదు. విజయవాడ ప్రాంతంలో అని అసెంబ్లీలో ప్రకటించింది ఆ సెప్టెంబరులో. కాని ఏప్రిల్, మే నెలల్లోనే గుంటూరు, కృష్ణా జిల్లాల్లో జనం పిచ్చెత్తినట్టు కొన్నారు. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి లేదు. మా వాడు గుంటూరుకు ఇరవై కిలోమీటర్ల లోపల కొత్తగా ఆరున్నర ఎకరాలు అగ్రిమెంటు రాయించుకున్నాడు. నల్లరేగడి. ఎండకు నెర్రెలు విచ్చి అరచెయ్యి దూరేటంత సందులు. చదును చేసి, ఎర్రమట్టి రోడ్లు పోసి, జెండాలు పాతేసరికి ఏప్రిల్ రెండో వారం. వ్యాన్లు సరిపోక బస్సులు పెట్టాం.

కాగితాలు నేనే చూశాను. వాటిలో తప్పు పట్టడానికి లేదు. ఒకే కుటుంబం, మూడు తరాలు, అందరి సంతకాలు, ఈ.సి. శుభ్రం. 1961 నాటి ఒక భాగ పంపకం దస్తావేజు ఉంది, అందులో హద్దులు చదివాను. తూర్పు ఫలానా వారి చేను, దక్షిణం డొంక, పడమర ఫలానా వారి చేను, ఉత్తరం మడుగు గట్టు. చదివాను, నా పేజీలో ఎక్కించాను కూడా. మడుగు ఎక్కడుందిరా అని మా వాణ్ణి అడిగితే, "ఎప్పటి మాట మామయ్యా, ఇప్పుడు అక్కడ మడుగూ లేదు గట్టూ లేదు, చూస్తున్నావు కదా" అన్నాడు. చూశాను. మే నెల. కనుచూపు మేర బీడు. ఉత్తరం వైపు సర్వే నంబరు వాగు పోరంబోకు అని గ్రామ పటంలో ఉంటుంది. పటం తెప్పించాలని అనుకున్నాను. తెప్పించలేదు. రోజుకు పది కట్టలు తయారు చేయాల్సి వస్తోంది. అంతకంటే నాకు సమాధానం లేదు.

ఆ వేసవిలో కొన్నవాళ్లలో పద్నాలుగు మంది మన పెన్షనర్లు, వాళ్ల కుటుంబాలు. వారిలో మా పాత సూపరింటెండెంటు గారి భార్య ఒకరు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. ఆవిడ ఫ్యామిలీ పెన్షను మీద ఉన్నారు. ఇన్సూరెన్సు డబ్బూ, ఆయన దాచినదీ కలిపి ఏడు లక్షలు పెట్టి రెండు వందల గజాలు కొన్నారు, గజం మూడు వేల అయిదు వందలకు. మనవరాలి పేరు మీద ఇల్లు కట్టాలని. దస్తావేజులో మాత్రం మార్కెట్ విలువ ప్రకారం గజం పదిహేను వందలు, మూడు లక్షలే రాశాం. అప్పట్లో అందరూ అట్లాగే రాసేవాళ్లు. ఆ చిత్తు రాసింది నేను.

సెప్టెంబరు ఆఖరులో మూడు రోజులు వాన కురిసింది. మరీ తుపానేమీ కాదు, మామూలు వానే. దసరాకు స్థలంలో కొబ్బరికాయ కొడదామని ఆవిడ అల్లుడితో వెళ్లారు. డొంక దగ్గరే కారు ఆపాల్సి వచ్చింది. అక్కణ్ణుంచి అంతా నీళ్లు. హద్దు రాళ్ల తలలు కూడా కనపడలేదట. ఒక గేదెల కాపరి, నీళ్లు నడుం దాకా ఉంటాయి దిగకండమ్మా అన్నాడట. "ఇది మడుగు చేను కదా, ఏటా ఇంతే" అని కూడా చెప్పాడట.

మర్నాడు మా ఇంటికి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. సంచిలోంచి కట్ట తీసి, నా చేతి రాత ఉన్న పేజీ బల్ల మీద పెట్టి, "అన్నయ్య గారూ, ఇది చూసే సంతకం పెట్టాను. ఇందులో మడుగు గట్టు అని మీరే రాశారు. నాకు తెలియలేదు, మీకు తెలియలేదా?" అన్నారు. మా ఇంటావిడ కాఫీ తెచ్చి ఇస్తే తాగి వెళ్లారు. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నేను మెమోలు తిన్నాను, ఒకసారి ఇంక్రిమెంటు ఆగింది. అవేవీ ఆ కాఫీ గ్లాసు ముందు లెక్కలోవి కావు.

మా మేనల్లుణ్ణి పిలిచాను. "మట్టి తోలిస్తే సరిపోతుంది మామయ్యా" అన్నాడు. లెక్క వేసి చూపించాను. రెండు వందల గజాలంటే 1,800 చదరపు అడుగులు. నాలుగడుగుల ఎత్తు పోయాలంటే 7,200 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకు వంద అడుగులనుకున్నా 72 ట్రక్కులు, ఒక్క స్థలానికి. ఆవిడ ఎత్తు చేసుకుంటే నీళ్లు పక్కవాడి స్థలంలోకి పోతాయి. వాడు ఎత్తు చేస్తే ఆ పక్కవాడికి. రోడ్డు ఎవరు ఎత్తు చేస్తారు? మళ్లీ వాగు నీళ్లు ఎటు పోవాలి? మా వాడు కాసేపు ఆలోచించి, "ఎవరూ అడగలేదు కదా, ఒక్కరే కదా" అన్నాడు. నేను, మిగతా పదమూడు మందికీ ఉత్తరం రాసి నేనే చెబుతానన్నాను. అప్పుడు పెద్ద గొడవ జరిగింది. మా అక్కయ్య వచ్చి, కన్న కొడుకులా చూసుకోవాల్సిన వాణ్ణి బజారున పడేస్తున్నావన్నది. ఆ మాటలో ఆవిడ వైపు న్యాయం లేకపోలేదు. వాడికి ఇంకా రైతు బాకీ ఉంది, నెల నెలా వడ్డీ ఉంది.

ఉత్తరాలు రాశాను, పద్నాలుగు మందికీ. తొమ్మిది మంది డబ్బు వెనక్కి అడిగారు. నలుగురు, రాజధాని వస్తోంది ఉండనివ్వండి రేటు పెరుగుతుందన్నారు. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇక్కడే దస్తావేజులో తక్కువ రాసిన పాపం బయటపడింది. ఎవరైనా కోర్టుకు వెళితే కాగితం మీద మూడు లక్షలే, మిగతా నాలుగు లక్షలకు నోటి మాట తప్ప ఏముంది? మా వాడు ఆ దారి పట్టలేదు, అది మాత్రం వాడి గొప్పే. వాడిల్లు తాకట్టు పెట్టి, మూడు దఫాలుగా, మరుసటి సంవత్సరం వేసవి లోపల తొమ్మిది మందికీ ఇచ్చిన మొత్తం ఇచ్చేశాడు. ఇద్దరు పక్షాలూ వచ్చి సంతకాలు పెట్టి రద్దు దస్తావేజులు రాసుకున్నాం. రిజిస్ట్రేషను ఖర్చులు మాత్రం ఎవరికీ తిరిగి రావు. ఆవిడవి ఇరవై వేల దాకా అయ్యాయి, అవి నా పెన్షనులోంచి ఇచ్చాను. తీసుకోనన్నారు. వాళ్ల అల్లుడి చేతికిచ్చాను. ఆ డబ్బు ఆవిడ పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకంలో వేసుకున్నారు.

తర్వాత మా వాడు నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. మళ్లీ వాడే వచ్చి, "సరే మామయ్యా, నువ్వు చెప్పినట్టే చేద్దాం" అన్నాడు. అప్పటి నుంచి మేము పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, వేసవిలో అమ్మదలచిన భూమిని అంతకు ముందు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, వాన వెలిసిన మర్నాడు వెళ్లి నడవాలి. ప్యాంటు మడిచి నేనూ నడిచాను. చెప్పులు బురదలో పోగొట్టుకున్నాను. ఫొటోలు తీయించి, తేదీ వేయించి, మరుసటి వేసవిలో షామియానాలో కట్టేవాళ్లం. నీళ్లు నిలిచే మూల ఉంటే ఆ మూల పార్కుకు వదిలేశాం. గ్రామ పటం, సర్వే నంబరు ఎఫ్.ఎం.బి. నకలు కట్టలో చేర్చాం. గేదెల కాపర్లను, రజకులను అడిగి చేను పేరు కనుక్కునేవాణ్ణి. మడుగు చేను, తూము కింద చేను, కుంట చేను, ఇట్లాంటి పేర్లు ఈ.సి.లో రావు. నీటి వసతి సంగతి దీనికి ఎదురు. అది తెలిసేది మే నెలలోనే. వానాకాలంలో ఏ బోరయినా పోస్తుంది. అందుకని పక్క పొలాల బోర్లు మే నెల మధ్యాహ్నం వేయించి చూపించేవాళ్లం.

మొదటి వేసవి అమ్మకాలు సగానికి పడిపోయాయి. ఏజెంట్లు ఇద్దరు మానేసి పోయారు, వాన ఫొటోలు పెట్టి స్థలాలు అమ్మే పిచ్చివాళ్లను చూడలేదని. రెండో వేసవి కాస్త తేరుకుంది. మూడో వేసవి, అంటే 2018లో, మేము కరపత్రం వేయకుండానే లే అవుటు మొత్తం పోయింది. రిజిస్టరు తీసి చూశాను. డబ్బు వెనక్కి తీసుకున్న తొమ్మిది మందిలో ఆరుగురు పంపినవాళ్లే పదకొండు మంది ఉన్నారు. ఇది నేను ఊహించలేదు.

ఈలోగా చట్టమూ వచ్చింది. రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం 2016లో చేశారు, పూర్తిగా అమల్లోకి వచ్చింది 2017 మే 1న. 500 చదరపు మీటర్లు దాటిన లే అవుటును రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బయానా తీసుకోకూడదు. అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు కావాలి. కొనేవాళ్లు కట్టిన దాంట్లో నూటికి డెబ్బై వంతులు వేరే ఖాతాలో ఉంచి ఆ పనికే వాడాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా నూటికి పది వంతులకు మించి తీసుకోకూడదు. ప్రకటనలో అబద్ధం చెప్పి అమ్మితే వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. 2014లో ఈ చట్టం ఉంటే మా వాడు ఇల్లు తాకట్టు పెట్టడానికి ముందే ఆగి ఆలోచించేవాడు. ఇంకొకటి. 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి లావాదేవీల్లో ఇరవై వేలు, ఆ పైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. తెల్లది ఇంత, నల్లది ఇంత అనేవాడి దగ్గర మీ గ్రాట్యుటీ తీయకండి. రేపు గొడవ వస్తే మీ చేతిలో మిగిలేది తెల్లదే. జి.పి.ఏ. మీద అమ్ముతామనేవాళ్లూ ఉన్నారు. జి.పి.ఏ. వల్ల హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఇంత జాగ్రత్తగా చేసిన వ్యాపారం బాగుండాలి కదా అని మీరనుకోవచ్చు. ఉండలేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, మా వైపు రేట్లు పడిపోయాయి. తర్వాత మార్చిలో కరోనా లాక్‌డౌను. 2020 వేసవిలో షామియానా కట్టనే లేదు. రిజిస్టరులో ఆ సీజనుకు నేను ఒక పేజీ తీసి, తేదీ వేసి, "ఎవరూ రాలేదు" అని రాసి సంతకం పెట్టాను. పాత అలవాటు. వడ్డీ మాత్రం ఎవరూ ఆపలేదు. మరుసటి ఏడాది మా వాడు మిగిలిన భూమి రైతుకే వదిలేసి, బాకీలు తీర్చి, హైదరాబాదు వెళ్లి ఇంకొకరి దగ్గర ఉద్యోగంలో చేరాడు. పండగకు వస్తాడు. మా ఇద్దరి మధ్య ఇప్పుడు మనస్పర్థలేమీ లేవు. మా అక్కయ్య మాత్రం ఆ ఉత్తరాల మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మీలో కొందరు మిద్దెల మీద రోజుల తరబడి గడిపారు. ఆ వారమంతా నేను టీవీ ముందు నుంచి లేవలేదు. అక్కడ ఇళ్లు కొన్నవాళ్లలో ఎందరు వేసవిలో చూసి కొన్నారో అనిపించింది.

మా మడుగు చేను సంగతి చెప్పి ముగిస్తాను. డబ్బు వెనక్కి వద్దన్న నలుగురిలో ఒకాయన, రిటైరైన మాస్టారు, 2018లో తన స్థలం రెట్టింపు ధరకు అమ్ముకున్నారు. నాకు ఫోను చేసి, "చూశారా, మీరు ఊరికే భయపెట్టారు" అన్నారు. కొన్నవాళ్లెవరని అడిగితే, ఎవరో ఒంగోలు వైపు వాళ్లు, వేసవిలో వచ్చి చూసుకున్నారన్నారు. నేనేమీ అనలేకపోయాను. వాళ్లకు రాయడానికి నా దగ్గర చిరునామా లేదు.

పోయిన ఏడాది మే నెలలో మా మనవడి బండి మీద ఆ దారినే వస్తుంటే డొంక దగ్గర కొత్త షామియానా కనపడింది. పెద్ద ఆర్చి, జెండాలు, మళ్లీ ఎర్రమట్టి రోడ్లు. బండి ఆపమన్నాను. తెల్ల చొక్కా వేసుకున్న కుర్రాడు ఎదురొచ్చి, "రండి తాతగారూ, కూర్చోండి" అని మజ్జిగ ఇచ్చాడు. అందులో అల్లం లేదు. వానాకాలంలో ఎట్లా ఉంటుంది బాబూ అని అడిగాను. "చుక్క నీళ్లు నిలవవు తాతగారూ, చూస్తున్నారుగా" అన్నాడు. వాడికి నిజంగానే తెలియదు, వాడు ఆ వేసవే చేరాడట. రెరా నంబరు అడిగితే వస్తోందన్నాడు. కొనేవాళ్లలో ఒక జంట ప్లాను ముందు నిలబడి ఉంటే, దగ్గరికెళ్లి, ఇది మడుగు చేను, సెప్టెంబరులో ఒకసారి వచ్చి చూడమని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆవిడ మాత్రం ఏమన్నారని మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. అప్పటికి తెల్ల చొక్కా కుర్రాడు మరొకణ్ణి పిలుచుకొచ్చాడు. పోయేముందు వాళ్ల రిజిస్టరులో నా పేరు, ఊరు రాసి, ఆఖరి గడిలో "ఉత్తరం మడుగు గట్టు, 1961 దస్తావేజు" అని రాసి వచ్చాను. ఆ పేజీ ఉంచారో చింపేశారో తెలియదు.

కాగితాలు తెచ్చుకున్నవాళ్లు టీ తర్వాత వెనక బల్ల దగ్గరికి రండి, చూస్తాను. నా కళ్లద్దాలు కొత్తవే. అయితే గ్రామ పటం లేకుండా మాత్రం ఈసారి నేనేమీ చెప్పను, అది తెచ్చుకోండి.